ఆర్ఫియస్ ఎందుకు తిరిగి చూశాడు సరే, యూరిడీసీ ఏమంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్ సినిమా చూశారు, అందులో ముగ్గురు ఆడవాళ్ళు రాత్రిపూట వంటింట్లో కూర్చుని చదువుకునే గ్రీకు కథ మీ బుర్రలోంచి పోవట్లేదు. ఆ ఆర్ఫియస్ అనేవాడు అంత దూరం వచ్చి తీరా గుమ్మం దగ్గర ఎందుకు వెనక్కి తిరిగాడు, యూరిడీసీ గురించి ఎవరూ ఏమీ చెప్పరేంటి, ఇంకా ఏ బొమ్మలు ఏ సినిమాలు ఏ వరసలో చూడాలి, హిచ్‌కాక్ సినిమా వెర్టిగో కూడా ఇదే కథ అని ఎవరో అన్నారు నిజమేనా అని.

నేను ఫైన్ ఆర్ట్స్ పిల్లలకి ఆర్ట్ హిస్టరీ చెప్తాను, ఒక చిన్న ఫిల్మ్ క్లబ్‌లో సినిమాలు వేసి తర్వాత చర్చ నడిపేది కూడా నేనే. ఈ కథ ప్రతి బ్యాచ్‌లోనూ ఎక్కడో ఒకచోట వచ్చి తీరుతుంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

సూటిగా జవాబు: ఎందుకు తిరిగాడో పాత రోమన్ కవి ఓవిడ్ తన మెటమార్ఫసెస్ కావ్యంలో ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ఆమె ఎక్కడ నడవలేక ఆగిపోయిందోనన్న భయం, ఒక్కసారి చూడాలన్న ఆత్రం, ఈ రెండే. ఇంకో రోమన్ కవి వర్జిల్ అయితే పిచ్చి పట్టిందని అన్నాడు. దీని మీద రెండు వేల ఏళ్ళుగా జనం బుర్రలు బద్దలు కొట్టుకున్నా కొత్తగా తేలింది పెద్దగా లేదు. ఈ కథలో నిజంగా మారుతూ వచ్చింది ఇంకోటి ఉంది, ఆ తిరిగిన క్షణంలో యూరిడీసీ ఏమంటుంది అన్నది. ఏ వెర్షన్ చూసినా, పెయింటింగ్ అయినా ఒపేరా (పాటలతో నడిచే నాటకం) అయినా సినిమా అయినా, అక్కడ చూడండి. ఒకచోట నోరే లేదు, ఒకచోట పోట్లాడుతుంది, ఒకచోట అసలు వాడెవడో గుర్తే లేదు. ఆ రచయితకి ఆమె మనిషిలా కనిపించిందా, పాటకి సరుకులా కనిపించిందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో. ఆర్ఫియస్ గొప్ప గాయకుడు, పెళ్ళైన కొత్తలోనే భార్య యూరిడీసీని పాము కరుస్తుంది, చనిపోతుంది. వీడు వీణలాంటి లైర్ పట్టుకుని పాతాళానికి వెళ్ళి పాడితే అక్కడి రాజు రాణీ కరిగిపోయి ఆమెని పంపిస్తారు, కానీ పైకి చేరేదాకా వెనక్కి తిరిగి చూడకూడదని షరతు. చూస్తాడు. ఆమె మళ్ళీ పోతుంది.

ఇప్పుడు అసలు టెక్స్టులు. గ్రీకు తత్వవేత్త ప్లేటో ప్రేమ మీద రాసిన సింపోజియం అనే సంభాషణలో ఈ కథ వస్తుంది, అక్కడ ఆమెకి పేరు కూడా లేదు, పైగా దేవతలు ఆర్ఫియస్‌కి చూపించింది భార్యని కాదు ఆమె నీడని మాత్రమే అంటారు. ఎందుకయ్యా అంటే వీడు పాటగాడు, మెత్తటి మనిషి, ప్రేమ కోసం చచ్చే ధైర్యం లేక బతికుండగానే లోపలికి దూరే దారి వెతుక్కున్నాడని ఎగతాళి. ఈ నీడ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో వెర్టిగో దగ్గర పనికొస్తుంది.

వర్జిల్ ఈ కథ ఎక్కడ పెట్టాడో తెలిస్తే ఆశ్చర్యపోతారు. క్రీ.పూ. 29 ప్రాంతంలో పూర్తయిన జార్జిక్స్ అనే వ్యవసాయం మీద పద్యకావ్యం, దాని నాలుగో భాగం తేనెటీగల పెంపకం. అరిస్టయస్ అనేవాడి తేనెటీగలన్నీ చచ్చిపోతాయి, కారణం ఏంటని ఆరా తీస్తే, నువ్వు యూరిడీసీ వెంటపడ్డావు, నిన్ను తప్పించుకోవడానికి ఏటి గట్టున పరిగెడుతూ గడ్డిలో పాముని ఆ పిల్ల చూసుకోలేదు, ఇది దాని ఫలితం అని చెప్తారు. అంటే పాము కాటు ఊరికే వచ్చిన యాక్సిడెంట్ కాదు, వెనక ఒక మగాడు తరుముతున్నాడు. ఈ ముక్క తర్వాత చాలామంది కత్తిరించి పారేశారు. ఇంకా ఘోరం ఏంటంటే అరిస్టయస్ నాలుగు ఎద్దుల్ని నాలుగు పెయ్యల్ని బలిస్తే తొమ్మిదోనాటికి ఆ కళేబరాల్లోంచి తేనెటీగలు గుంపులుగా పుట్టుకొస్తాయి. వాడి నష్టం పూడిపోయింది, ఆమె మాత్రం రాలేదు. అయితే వర్జిల్ ఆమెకి నోరిచ్చాడు, అది ఒప్పుకోవాలి. తిరిగి చూడగానే, నన్నూ నిన్నూ ఇలా నాశనం చేసిన ఈ పిచ్చి ఏంటి అని నిలదీస్తుంది, చేతులు చాస్తూ ఇక నేను నీదాన్ని కాను అంటూ చీకట్లో కలిసిపోతుంది.

ఓవిడ్ అరిస్టయస్‌ని ఎత్తేశాడు. అందులో ఆమె స్నేహితురాళ్ళతో గడ్డిలో తిరుగుతుంటే మడమ మీద కాటు పడుతుంది. కానీ ఓవిడ్ దగ్గర నాకు భలే ఇష్టమైన చిన్న వివరం ఒకటుంది. పాతాళంలో ఆమెని పిలిస్తే కొత్తగా వచ్చిన ఆత్మల్లోంచి కుంటుకుంటూ వస్తుంది, గాయం ఇంకా మానలేదు కాబట్టి. చచ్చిపోయాక కూడా కాలు నొప్పి! ఇది పట్టుకుంటే ఆర్ఫియస్ భయం కూడా అర్థమవుతుంది, ఏటవాలు దారి, చీకటి, పొగమంచు, వెనక నడుస్తున్నది కాలు బాగాలేని మనిషి, చప్పుడు లేదు. తీరా ఆ క్షణం వచ్చేసరికి ఓవిడ్ ఆమెకి ఇచ్చింది ఒక్క వీడ్కోలు మాట, అదీ వాడికి సరిగా వినపడదు. ఆమె ఏమీ ఫిర్యాదు చేయలేదట, ప్రేమించాడన్నది తప్ప ఫిర్యాదు చెయ్యడానికి ఏముందట! అది ఆమె మాట కాదండీ, ఆమె తరఫున ఓవిడ్ మొగుడికి రాసిచ్చిన సర్టిఫికెట్. మీరు చూసిన సినిమాలో చదివేది ఓవిడ్‌దే, ఆ పనిపిల్ల సోఫీకి అంత కోపం వచ్చింది అందుకే.

మన కథలతో పోలిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే క్లాసులో ఎప్పుడు చెప్పినా ఇది సావిత్రి కథకి రివర్స్ కదా సార్ అంటారు. పైపైన అంతే. సావిత్రి యముడి వెనకాలే నడుస్తూ మాట్లాడుతూనే ఉంటుంది, మాటలతోనే గెలుస్తుంది. యూరిడీసీ వెనకాల నడుస్తుంది, మాట్లాడదు. అసలు దగ్గరి కథ ఆదిపర్వంలో ఉంది, నన్నయగారి భారతంలో చదివే ఉంటారు, రురుడు ప్రమద్వర. పెళ్ళి దగ్గర పడగా చెలికత్తెలతో ఆడుకుంటూ పాముని తొక్కుతుంది, చనిపోతుంది, రురుడు తన ఆయుష్షులో సగం ఇచ్చి బతికించుకుంటాడు. ఇక్కడ చూడకూడదన్న షరతు లేదు, పాటా లేదు, లెక్కగా సగం ఆయుష్షు ధారపోయడమే. ప్లేటో ఇది చదివుంటే ఇదిరా ప్రేమంటే అనేవాడేమో. శ్రీ అరవిందులు 1899లో లవ్ అండ్ డెత్ అని ఇంగ్లీషులో రాసిన కావ్యం ఈ రురుడి కథే, అమ్మాయి పేరు ప్రియంవద అని మార్చి, రురుణ్ణి ఏకంగా పాతాళానికి దింపారు, అంటే రెండు కథలూ ఒకచోట కలిశాయన్నమాట.

వెనక్కి తిరిగి చూడకూడదన్న షరతు మటుకు మనకీ బాగా తెలిసిందే. సాక్షిగోపాలుడి కథలో బృందావనం నుంచి దేవుడు బ్రాహ్మడి వెనక నడిచొస్తాడు, అందెల చప్పుడే ఆధారం, తిరిగి చూస్తే అక్కడే ఆగిపోతానంటాడు, ఊరి దగ్గరికొచ్చాక చూస్తాడు, దేవుడు అక్కడే నిలిచిపోతాడు. శ్మశానంలో కుండ పగలగొట్టాక వెనక్కి చూడకుండా వచ్చేయమంటారు కదా, అది చూసిన ఎవరికైనా ఈ గ్రీకు షరతు వింతగా అనిపించదు. పోయినవాళ్ళ వైపు చూడకూడదు, అంతే.

ఇక బొమ్మలు. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒక రాతి ఫలకం. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో ఏథెన్స్‌లో చెక్కింది, అసలుది పోయింది, రోమన్ల కాలం కాపీలు నేపుల్స్ మ్యూజియంలో, పారిస్ లూవ్ర్ మ్యూజియంలో, రోమ్ విల్లా అల్బానీలో ఉన్నాయి. నేపుల్స్‌ది బాగుంటుంది, నెట్‌లో పెద్ద ఫోటో దొరుకుతుంది, జూమ్ చేసి చేతులు మాత్రమే చూడండి. ముగ్గురున్నారు, ఒకపక్క ఆర్ఫియస్, మధ్యలో యూరిడీసీ, ఇంకోపక్క ఆమెని వెనక్కి తీసుకెళ్ళడానికి వచ్చిన దేవతల దూత హెర్మీస్. ఆమె ఎడమ చెయ్యి మొగుడి భుజం మీద ఉంది, కుడి చెయ్యి అప్పటికే హెర్మీస్ చేతిలో ఉంది. ఆర్ఫియస్ ఆమె మేలిముసుగు దగ్గర చెయ్యి పెట్టాడు, ముఖం చూడటానికి. ఎవరూ అరవట్లేదు, ఏడవట్లేదు, హెర్మీస్ కూడా గుంజట్లేదు, ఏదో పక్కింటి అమ్మాయిని బస్సెక్కించడానికి వచ్చినవాడిలా మర్యాదగా పట్టుకున్నాడు. నేను క్లాసులో పేర్లు చెప్పకుండా ఈ ఫోటో పెట్టి ఎవరు వెళ్ళిపోతున్నారో చెప్పమంటాను. సగంమంది ఆర్ఫియస్ అంటారు! అతనే ఊరి ప్రయాణానికి బట్టలు కట్టుకుని నిలబడ్డట్టు ఉంటాడు మరి. ఇంకో తమాషా, లూవ్ర్ కాపీ మీద పేర్లు వేరేవాళ్ళవి చెక్కేశారు, అంటే ఒకప్పుడు దీన్ని ఒక తల్లీ ఇద్దరు కొడుకుల బొమ్మ అనుకున్నారన్నమాట.

ఫ్రెంచ్ చిత్రకారుడు పూసాన్ 1650 ప్రాంతంలో వేసిన ల్యాండ్‌స్కేప్ కూడా లూవ్ర్‌లోనే ఉంది. పెద్ద ప్రశాంతమైన దృశ్యం, కొండ, నది, కోట. కుడివైపు ఆర్ఫియస్ కూర్చుని పాడుకుంటున్నాడు, కళ్ళు పైకి, లోకం తెలీట్లేదు. కొంచెం ఇవతల యూరిడీసీ పాముని చూసి ఉలిక్కిపడి పక్కకి వంగింది. ఆ ఉలికిపాటు గమనించింది ఎవరయ్యా అంటే చేపలు పట్టుకునే ఒకాయన, ఆయన ఒక్కడే తల తిప్పాడు. మొగుడు పాటలో ఉన్నాడు, మిగతా జనం వాళ్ళ పనుల్లో ఉన్నారు, దూరంగా కోట మీంచి పొగ లేస్తోంది. గొప్ప ప్రేమికుడు అన్న పేరున్నవాడి మీద ఇంత నింపాదిగా ఇంత గట్టి విమర్శ నేను ఇంకెక్కడా చూడలేదు. తొందరగా చూస్తే అందమైన సీనరీ, అంతే, అందుకే దీనికి టైమ్ ఇవ్వాలి.

ఇంకో ఫ్రెంచ్ చిత్రకారుడు కోరో 1861లో వేసింది హ్యూస్టన్ మ్యూజియంలో ఉంది, అమెరికాలో ఉన్నవాళ్ళు వెళ్ళి చూడొచ్చు. అందులో ఇంకా తిరగలేదు, పచ్చటి మంచులాంటి అడవిలో లైర్ ముందుకు చాచి, ఆమె మణికట్టు పట్టుకుని నడిపించుకుపోతున్నాడు. ఫ్రెంచ్ శిల్పి రోదాఁ పాలరాతి శిల్పం న్యూయార్క్ మెట్ మ్యూజియంలో ఉంది, 1893, ఆర్ఫియస్ కళ్ళు చేత్తో మూసుకుంటాడు, యూరిడీసీ వెనక రాతిలోంచి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. ఈ రెండూ బాగుంటాయి గానీ ఆమె పరంగా పెద్దగా ఏమీ లేదు, వెనక నడవడమే.

ఒపేరా మీద ఇంట్రెస్ట్ లేకపోతే ఈ పేరా వదిలేయండి, కానీ నిజానికి ఒపేరా అనే కళ పుట్టిందే ఈ కథ మీద. పూర్తిగా మిగిలిన మొదటి ఒపేరా పేరే యూరిడీచే, 1600లో ఫ్లారెన్స్‌లో రాచపెళ్ళి సందర్భంగా వేశారు, పెళ్ళిలో చావేంటని సుఖాంతం చేశారు, తిరిగి చూడకూడదన్న షరతే తీసేశారు. తర్వాత 1607లో మాంటెవెర్డి అనే సంగీతకర్త ఇదే కథ మీద ఒపేరా చేశాడు. 1762లో ఇంకో సంగీతకర్త గ్లుక్ చేసినదాంట్లో మొదటిసారి యూరిడీసీ మామూలు పెళ్ళాంలా మాట్లాడుతుంది: చూడవేంటి, ముఖం తిప్పుకున్నావేంటి, ఇంత దూరం వచ్చింది ఇందుకేనా, ఇలా బతికేకంటే అక్కడే నయం అని. షరతు గురించి చెప్పడానికి ఆర్ఫియస్‌కి పర్మిషన్ లేదు, ఆమెకి కారణం తెలీదు, కాబట్టి ఆమె కోపం న్యాయమే. వాడు తట్టుకోలేక తిరుగుతాడు. అంటే తప్పులో సగం ఆమె ఖాతాలో వేసేశారనుకోండి, కానీ కనీసం మనిషిలా మాట్లాడింది. 1858లో ఆఫెన్‌బాక్ అయితే మొత్తం తిరగేసి కామెడీ చేశాడు, మొగుడూ పెళ్ళాలకి ఒకరంటే ఒకరికి పడదు, వాడి వయొలిన్ అంటే ఆమెకి తలనొప్పి, లోకం ఏమనుకుంటుందోనని మాత్రమే వెనక్కి తేవడానికి వెళ్తాడు. క్యాన్‌క్యాన్ డాన్స్ అంటే గుర్తొచ్చే ట్యూన్ దాంట్లోదే.

కవిత్వంలో రెండు మూడు చెప్పి సినిమాలకి వస్తా. జర్మన్ భాషా కవి రిల్కే 1904లో రాసిన కవితలో యూరిడీసీ చావుతో నిండిపోయి ఉంటుంది, పండు తీపితో నిండినట్టు, తొందర లేదు, ఆశ లేదు. అతను తిరిగాడు అని హెర్మీస్ చెప్తే ఆమె అడిగేది, ఎవరు? అని. నాకు తెలిసి ఈ కథకి ఇంత గట్టి దెబ్బ ఇంకోటి లేదు, వాడి త్యాగం, వాడి పాట, వాడి ఏడుపు అన్నీ ఆ ఒక్క ప్రశ్నతో ఎగిరిపోయాయి. 1917లో అమెరికన్ కవయిత్రి హెచ్.డి. కవిత మొత్తం ఆమె గొంతుతోనే రాసింది, అక్కడ ప్రశాంతంగా ఉన్నదాన్ని లేపి మళ్ళీ తోసేశావు, నీ అహంకారం కాకపోతే ఏంటి అని కడిగిపారేస్తుంది. ఇక 1999లో బ్రిటిష్ కవయిత్రి కరోల్ ఆన్ డఫీ దగ్గరికొచ్చేసరికి యూరిడీసీకి వెనక్కి రావడమే ఇష్టం లేదు, నీ పద్యం భలే ఉంది ఇంకోసారి చదువుతావా అని పొగిడి కావాలనే వాణ్ణి తిప్పిస్తుంది. కవుల్ని పడగొట్టాలంటే అంతకంటే సులువైన దారి ఏముంది చెప్పండి.

సినిమాలు. ఫ్రెంచ్ కవి, దర్శకుడు కాక్టో తీసిన ఓర్ఫే, 1950. అద్దాలే చావుకి గుమ్మాలు, చెయ్యి అద్దంలోకి దూరే షాట్ కోసం పాదరసం తొట్టిలో చెయ్యి ముంచారు, ఇప్పటికీ చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఇందులో హీరోకి అసలు ప్రేమ చావు మీద, నల్ల గౌనులో ఉండే రాకుమారి మీద. యూరిడీసీ ఇంట్లో కడుపుతో ఉన్న ఇల్లాలు, ఆయన కారులో రేడియో దగ్గర కూర్చుని కవిత్వం రాసుకుంటుంటే ఎదురుచూసే మనిషి. తిరిగొచ్చాక ఆమెని చూడకూడదు కదా, ఒకే ఇంట్లో దాక్కుంటూ తిరిగే ఆ సీన్లు దాదాపు కామెడీ. చివరికి కారు అద్దంలో కనిపించి మాయమైపోతుంది. సినిమా గొప్పది, యూరిడీసీకి మాత్రం అన్యాయమే జరిగింది.

బ్లాక్ ఓర్ఫియస్, 1959, మార్సెల్ కామూ, రియో కార్నివాల్‌లో తీశారు, కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి పామ్ డోర్, తర్వాత ఆస్కార్ కూడా వచ్చాయి. పేదరికాన్ని రంగులద్ది అందంగా చూపించాడని విమర్శ ఉంది, అది నిజమే. అయినా నేను క్లబ్‌లో దీన్ని వేస్తూనే ఉంటాను, ఎందుకంటే వర్జిల్ తర్వాత చాలామంది మర్చిపోయిన ఆ తరిమే మగాడు ఇందులో తిరిగొచ్చాడు. యూరిడీసీ పల్లె నుంచి పారిపోయి వచ్చిందే వాడి భయంతో, వాడు చావు వేషం కట్టుకుని కార్నివాల్ గుంపులో వెతుక్కుంటూ వస్తాడు. ట్రామ్ షెడ్డులో యూరిడీసీ దాక్కుని కరెంట్ వైరు పట్టుకుని వేలాడుతుంటే, ఆమెని కాపాడటానికి చీకట్లో వచ్చిన హీరో ఓర్ఫెయు తెలీక స్వయంగా స్విచ్ వేస్తాడు, ఆమె చనిపోతుంది. అది చూశాక హాల్లో ఎవరూ కాసేపు కదలరు. తర్వాత ఆమె కోసం తప్పిపోయినవాళ్ళ ఆఫీసుకి వెళ్తే ఖాళీ హాళ్ళలో కాగితాలు గుట్టలు గుట్టలు, ఊడ్చే ఒక ముసలాయన తప్ప మనిషి లేడు. మనం తిరిగిన గవర్నమెంట్ ఆఫీసులన్నీ గుర్తొస్తాయి. అక్కణ్ణుంచి మెట్లు దిగి ఒక పూజ జరిగే ఇంటికి, వాకిట్లో కుక్క పేరు సెర్బెరస్, గ్రీకు కథల్లో పాతాళం గుమ్మం కాపలా కుక్క పేరు అది. పూనకంలో వెనకనుంచి యూరిడీసీ గొంతు వినిపిస్తుంది, తిరగొద్దు తిరగొద్దు అని బతిమాలుతుంది. తిరుగుతాడు, అక్కడున్నది ఒక ముసలమ్మ.

ఇప్పుడు మీ సినిమాకి వద్దాం, దర్శకురాలు సెలీన్ సియామా, 2019. కామూ సినిమాలో ఆమె తిరగొద్దంటే ఇక్కడ తిరుగు అంటుంది. వంటింట్లో ముగ్గురూ మూడు రకాలుగా చదువుతారు గమనించారా: పనిపిల్ల సోఫీ, చెప్పారుగా చూడొద్దని, ఎందుకు చూశాడు అని మండిపడుతుంది. చిత్రకారిణి మారియాన్, అతను ఆమె జ్ఞాపకాన్ని ఎంచుకున్నాడు, అది కవి చేసే పని, ప్రేమికుడు చేసే పని కాదు అంటుంది. పెళ్ళికి సిద్ధం చేస్తున్న ఎలోయిజ్ మాత్రం, ఏమో, ఆమే తిరగమందేమో అంటుంది. ముగ్గురూ వాళ్ళ వాళ్ళ జీవితాల్లోంచే మాట్లాడుతున్నారు. తర్వాత మారియాన్ వెళ్ళిపోతూ తలుపు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ఎలోయిజ్ తిరుగు అంటుంది, తిరిగితే తెల్ల పెళ్ళిగౌనులో నిలబడి ఉంటుంది, తలుపు మూసుకుంటుంది. ఆ తెల్ల గౌను మనిషి అంతకుముందే చీకటి వరండాలో కనిపించింది కదా, ఇంకోసారి చూస్తే ఈసారి పట్టుకుంటారు. ఎగ్జిబిషన్ సీన్‌లో మారియాన్ వేసిన ఆర్ఫియస్ బొమ్మ ముందు ఒకాయన, వీళ్ళు ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకుంటున్నట్టుంది అంటాడు. నేపుల్స్ ఫలకం పక్కన ఈ సీన్ పెట్టుకుని చూడండి, రెండువేల నాలుగొందల ఏళ్ళ తేడా ఉన్నట్టు అనిపించదు.

అయితే ఒక్క మాట. ఈ మధ్య వచ్చిన వెర్షన్లన్నీ ఆమెకి నోరిచ్చాయి కాబట్టి అవే గొప్పవి, పాతవన్నీ మగవాళ్ళ రాతలు అని కొట్టిపారేయొద్దు. మొదట నిలదీయించినవాడు వర్జిలే. నోరివ్వడమే కొలత అనుకుంటే రిల్కే కవిత ఫెయిల్ అవ్వాలి, అందులో ఆమె అన్నది ఒక్క ముక్కే.

వెర్టిగో సంగతి: అవును, మీకు చెప్పినవాళ్ళు నిజమే చెప్పారు. హిచ్‌కాక్ 1958లో తీసిన ఆ సినిమాకి ఆధారం 1954లో వచ్చిన ఫ్రెంచ్ నవల, బోయిలో నార్సెజాక్ జంట రాసింది, అందులో హీరో ఆమెని యూరిడీసీ అనే పిలుస్తాడు. సినిమాలో ఆ పేరు తీసేశారు, నడక మిగిలింది: పోయిందనుకున్న మనిషిని చీర కట్టు మార్చినట్టు బట్టలు, జుట్టు రంగు అన్నీ మార్చి తిరిగి తయారుచేసుకోవడం, చివర్లో చర్చి గంటగోపురం మీద రెండోసారి పోగొట్టుకోవడం. కాకపోతే ఇది ఓవిడ్ కంటే ప్లేటో చెప్పిన కథకి దగ్గర. హీరో స్కాటీ ప్రేమించిన మ్యాడెలిన్ అనే మనిషి ఎప్పుడూ లేదు, ఎవరో డబ్బిచ్చి నటింపజేసిన నీడ. అలా నటించిన, నిజంగా ఉన్న జూడీ మాత్రం, నన్ను నన్నుగా ఇష్టపడలేవా అని ఆ హోటల్ గదిలో అడుగుతూనే ఉంటుంది, వాడు జుట్టు ముడి సరిగా రాలేదని చూస్తుంటాడు.

వరస అడిగారు కాబట్టి: ముందు నేపుల్స్ ఫలకం, పూసాన్ ఫోటోలు, తర్వాత ఓవిడ్ మెటమార్ఫసెస్‌లో పదో పుస్తకం మొదటి పేజీలు చదివి బ్లాక్ ఓర్ఫియస్, ఆపైన మీ సినిమా రెండోసారి, వెర్టిగో ఆఖర్న. కాక్టోని మధ్యలో ఇరికించకండి, అది వేరే రోజు తీరిగ్గా చూడాల్సిన సినిమా.